‘లేదు’ అనడానికి పట్టిన కాలం

పొడుగాటి టేకు సొరుగు. ముందువైపు చిన్న ఇత్తడి చట్రంలో ‘ప, ఫ’ అని సిరాతో రాసి దూర్చిన చీటీ, లోపల అయిదంగుళాల పొడవూ మూడంగుళాల ఎత్తూ ఉన్న కార్డులు, ఆ కార్డులన్నిటి అడుగు బెజ్జాల్లోంచి దూరిపోయి వాటిని ఎటూ పోనివ్వకుండా పట్టుకున్న సన్నటి కడ్డీ. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం లైబ్రరీలో నేను తిరిగిన ఎనభైల నాటి రోజుల్లో ఆ సొరుగులు లాగే చప్పుడే నాకు చదువు చప్పుడు. వేళ్ల జిడ్డుకి కార్డుల అంచులు నల్లబడి ఉండేవి. ఏ సొరుగు ఎక్కువ నల్లబడిందో చూసి, ఆ ఏడు ఎం.ఏ. పరీక్షలో ఎవరిమీద ప్రశ్న వస్తుందో చెప్పేవాళ్లు కూడా మాలో ఉన్నారు. తెలుగు రచయితని ఇంటిపేరు కింద వెతకాలా, సొంత పేరు కింద వెతకాలా అన్నది ఆ సొరుగుల ముందు ఎప్పటికీ తెగని తగవు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఒక కార్డులో ‘వే’ దగ్గర ఉంటారు, మరో కార్డులో ‘ప్ర’ దగ్గర, ఇంకోచోట ఇంగ్లీషు ‘ఎస్’ కింద ఉత్త శాస్త్రిగారై కూర్చునుంటారు. ముగ్గురూ ఒకరేనని తెలియడానికి కొంత వయసు రావాలి.

మాది ఐరాల. ఐరాల అంటే తెలియనివాళ్లకి కాణిపాకం వినాయకుడుండే మండలం అని చెబితే చాలు. చెరకు, శనక్కాయ, మామిడితోపులు; చలి మొదలైతే గానుగల దగ్గర పొగ, పెనంలో ఉడికే పాకం వాసన, పిప్పి కుప్పల మీద దొర్లే పిల్లలు. ఆ ఊరినుంచి వచ్చినవాడికి పాత కావ్యాల్లో సేద్యపు మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకాలనే కోరిక పుట్టడంలో పెద్ద వింతేమీ లేదు. ఆ కోరికకి విశ్వవిద్యాలయం పీహెచ్‌డీ అని పేరు పెట్టింది. తెల్లవారుజామున చిత్తూరు బస్సెక్కి, అక్కడ తిరుపతి బస్సు మారి, ఎండ ముదరకముందే లైబ్రరీ మెట్లెక్కేవాణ్ణి. ఒక చేతిలో చిత్రాన్నం పెట్టిన క్యారియరు, చంకలో బాటా చెప్పుల పెట్టె. పెట్టెలో నా సొంత కార్డులు. కొన్న కార్డులు కావు, అంత డబ్బెక్కడిది. ఊళ్లో జరిగిన ప్రతి పెళ్లి శుభలేఖనీ అడిగి తెచ్చుకుని, అచ్చులేని వెనకవైపు పైకి వచ్చేట్టు కత్తిరించుకున్న ముక్కలు. ముందువైపు మాట, దాని కింద పద్యం సంఖ్య, ఆశ్వాసం, ఏ ప్రతో, ఏ అచ్చో. తిప్పితే ఎవరి పెళ్లి ముహూర్తమో, ఏ సత్రంలో విందో.

పుస్తకం దొరకడం అన్నది కార్డుతో అయిపోయే పని కాదు. కార్డు నెంబరు స్లిప్పు మీద రాసి కౌంటరులో ఇస్తే, స్లిప్పు లోపలికి పోయి, చాలాసార్లు ‘షెల్ఫులో లేదు’ అనే నీలం ముద్రతో తిరిగొచ్చేది. అప్పుడు అటెండరు అన్న దగ్గరికి పోవాలి. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఛందస్సు రాదు, పుస్తకాలన్నీ రంగుతోనూ మందంతోనూ తెలుసు. “ఎర్రట్టదా, ఈపు చినిగిందా? బైండింగుకు పోయుండాది నాయినా, పండగ దాటినాక రా” అనేవాడు. లేదంటే ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి, ఎవరో వేరే అర వెనక దాచిపెట్టుకున్న పుస్తకాన్ని తెచ్చి బల్లమీద పెట్టేవాడు. దాచిపెట్టడం అప్పట్లో ఒక విద్య. తనకి కావలసిన పుస్తకం ఇంకొకడి చేతికి పోకుండా తెలుగు పుస్తకాన్ని తీసుకెళ్లి రసాయనశాస్త్రం అరల్లో పెట్టినవాళ్లు మాలోనే ఉన్నారు, తరువాత పెద్ద పెద్ద ఉద్యోగాలు కూడా చేశారు. బైండింగు గదిలో మైదా జిగురు ఉడికించేటప్పుడు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపేవాళ్లు. కొత్తగా కుట్టిన పుస్తకం తెరిస్తే ఆ ఘాటూ, కలికో గుడ్డ వాసనా కలిసి వచ్చేవి, దానితోపాటు కటింగు మిషన్ కింద సగం తెగిపోయిన పక్క అంచు రాతలు కూడా, ఎవరో పాత పండితుడు పెన్సిలుతో ‘ఇది తప్పు’ అని రాసినదాంట్లో ‘ఇది త’ వరకు మిగిలి.

ఇక వెతకడం. అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతి, పాలవేకరి కదిరీపతి శుకసప్తతి, రాయలవారి ఆముక్తమాల్యద: వృత్తులూ, పనిముట్లూ, తిండ్లూ, పల్లెలూ దండిగా ఉండే పుస్తకాలివి. పుస్తకం చివర పద్యాల అకారాది పట్టిక ఉంటుంది గానీ అది పద్యం మొదటి మాటనే చెబుతుంది. నాకు కావలసిన మాట మూడోపాదం మధ్యలో సంధి కలిసిపోయి ఎక్కడో ఉంటుంది. అంచేత మొత్తం చదవడమే. చూపుడువేలు పాదం వెంట నడుస్తూ, పెదవులు కదులుతూ, కళ్లు అర్థం కోసం ఆగకుండా ఆకారం కోసమే పోతూ చదివే ఆ చదువుని చదువు అనొచ్చా అని ఇప్పటికీ సందేహమే నాకు. రసం ఒక్కచుక్క దిగేది కాదు. నన్నయ పదప్రయోగకోశం లాంటిది చేతికొచ్చిన రోజు దాన్ని చూస్తూ చాలాసేపు పేజీలు తిప్పాను, పని కోసం కాదు, ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క చీటీ రాసి, వాటిని అకారాదిగా పేర్చి, అచ్చు దిద్దినవాళ్ల మెడనొప్పుల గురించి ఆలోచిస్తూ. ఇటలీలో రొబెర్తో బూసా అనే జెసూట్ పాదరీ థామస్ అక్వినాస్ రాతల్లోని ప్రతి మాటకీ సూచిక చేయాలని 1949లో ఐబీఎం కంపెనీ తలుపు తట్టి, చిల్లుల కార్డుల మీద మొదలుపెట్టి, సుమారు 30 ఏళ్లకి 56 సంపుటాలుగా ముగించాడని తరువాత ఎప్పుడో చదివాను. ఆయన దగ్గర యంత్రం ఉంది, మా వాళ్ల దగ్గర చీటీలున్నాయి; పిచ్చి మాత్రం ఒకటే.

విశ్వవిద్యాలయం పుట్టింది 1954లో. దానికి ముందే, 1939లో దేవస్థానం వాళ్లు పెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ తరువాత విశ్వవిద్యాలయంలో కలిసింది. అక్కడి తాళపత్రాల గదిలో నిమ్మగడ్డి నూనె వాసన. ఆకుకి నూనె రాసి, మసి పూసి తుడిస్తే గంటంతో గీసిన అక్షరాల్లో నలుపు నిలిచి పైకి తేలుతుంది. ఆ తేలడం చూడ్డానికే ఊరికే ఆ గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. కొండమీద సంకీర్తన భండారంలో తాళ్లపాక వారి రాగిరేకులు వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోకుండా ఉండిపోయాయి కదా. చెడకుండా దాచడమూ, చదవడానికి వీలుగా ఉండడమూ వేరువేరు సంగతులని తిరుపతిలో బతికినవాడికి వేరే చెప్పనక్కరలేదు. ఆ రేకుల్ని దించి, చదివి, అచ్చువేసిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ల శ్రమ వల్ల ఇవాళ ఏ పాటకైనా పక్కన రేకు సంఖ్య కనబడుతుంది. సెల్‌ఫోనులో పాట వెతుక్కునే కుర్రాడికి ఆ అంకె ఏమిటో తెలియకపోయినా.

ఇదంతా చెబుతున్నానని ఆ రోజులు బాగుండేవని కాదు. బాగుండేది ఎవరికి? సొరుగుల దాకా రాగలిగినవాడికి. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో మెకంజీ కైఫియతులున్నాయి, బ్రౌన్ రాయించిన ప్రతులున్నాయి; ఒకప్పుడు మా చిత్తూరు కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోనిదే, దూరం పెద్దది కాదు, ఖర్చు మాత్రం పెద్దది. రైలు ఛార్జీ, లాడ్జీ, నకలు రాసుకోవడానికి సెలవు. నాతో ఎం.ఏ. చదివిన ఆడపిల్లల్లో నాకంటే బాగా చదివినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్లని మద్రాసులో ఒంటరిగా వారం రోజులుండి తాళపత్రాలు చూసి రమ్మని పంపే ఇల్లు అప్పట్లో నాకు తెలిసి లేదు. ఒక ఊళ్లో ఒక పెద్దమనిషి ఇంట్లో అరుదైన అచ్చుప్రతి ఉందని పోతే, ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఇంకో ప్రశ్న అడగకుండా అడిగి, వరండాలోనే మంచినీళ్లిచ్చి పంపేశాడు. గైడు దగ్గర కార్డుల బీరువా ఉంటే ఆయనకి తాళంచెవి ఉన్నట్టే, శిష్యుడి థీసిస్‌కి కూడా. కట్టలు కట్టలుగా ఆ కార్డులు ఆయనతోపాటే పోయి, ఆ ఇంట్లో పొయ్యిలోకో పాతపేపర్ల బండికో చేరిన సంగతులు ఎన్ని చెప్పాలి.

అయినా ఒకటి పోయింది, దాన్ని ఎలా చెప్పాలో చాలాకాలం తెలియలేదు. ఆ తరం పండితుడు ‘ఈ ప్రయోగం కవిత్రయంలో కనపడదు’ అని ఒక వాక్యం రాసేవాడు. ఆ వాక్యం వెనక ఒక జీవితం ఉండేది: భారతం ఎన్నిసార్లు చదివాడో తనకే లెక్క తెలియని కళ్లు, అద్దాల పవరు, మందగించిన ఆకలి. ఆ ‘కనపడదు’ని కాదనాలంటే మళ్లీ భారతమంతా చదవాలి, లేదా నోరు మూసుకోవాలి. ఎక్కువమంది రెండోదే చేసేవాళ్లు. అందుకే ఆ ‘లేదు’ ఒక్కోసారి జ్ఞానం, ఒక్కోసారి వట్టి దౌర్జన్యం. ఏది ఏదో బయటివాడికి తెలిసేది కాదు. ఒకే ఒక్క కార్డు తీసి చూపించి ఆ ‘లేదు’ని పడగొట్టిన కుర్రాణ్ణి నేను చూశాను. వైవా గదిలో ఎవరూ అతన్ని మెచ్చుకోలేదు.

మార్పు మా జిల్లావాడి చేతుల మీదుగానే రావడం తమాషా. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో పుట్టి, అమెరికా పోయి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలని కంప్యూటరులోకి ఎక్కించాలని సంకల్పించాడు. ఈ శతాబ్దం మొదట్లో ఆ పని మొదలై మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది, బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆచార్య బాలకృష్ణన్ చూసుకున్నారు, హైదరాబాదులోనూ తిరుపతిలో దేవస్థానం వాళ్ల దగ్గరా స్కానింగు జరిగింది. చైనా, ఇండియా, ఈజిప్టు అన్నీ కలిపి 2007 నాటికి 15 లక్షలు దాటాయని చెప్పారు, సింహభాగం చైనాది. నాకు ఆ పెద్ద అంకెలకంటే స్కాను పేజీల్లో కనబడే బొటనవేళ్లు ఎక్కువ గుర్తు. పుస్తకం విప్పి అద్దం కింద నొక్కిపట్టిన ఆ కుర్రాళ్ల, ఆడపిల్లల వేళ్లు, ఒక్కోసారి గాజులంచు, పద్యం చివరిపాదం మీద పడి ఉంటాయి. పాత లైబ్రరీ ముద్ర, డ్యూ డేట్ చీటీ, చెదపురుగు తవ్విన సొరంగం కూడా అలాగే దిగాయి. పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో చుక్కలూ కొట్టుగుర్తులూ పెట్టి, రాసినవాడికే మళ్లీ దొరకని తీరులో. ఇంటిపేరా సొంత పేరా అన్న మా పాత తగవు అక్కడా తెగలేదు. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మగా దిగేది. చిత్తూరు నెట్‌సెంటరులో గంటకింత అని కడుతూ పదిపేజీలు చూసేసరికి టైమైపోయేది. 2017 ప్రాంతాల్లో కాపీరైటు గొడవలతో ఆ సైటు మూతపడింది, అప్పటికే ఆ పుస్తకాల్లో చాలావాటి నకళ్లు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరివుండబట్టి బతికాయి. వావిళ్లవారి పాత అచ్చులు, మద్రాసు పోలేని ఆ నా సహాధ్యాయినులు చూడలేకపోయినవి, ఇప్పుడు ఐరాలలో అరుగుమీద కూర్చుని చూడొచ్చు. నిజంగానే చూడొచ్చు, నేను రోజూ చూస్తున్నాను.

చూడ్డం వేరు, వెతకడం వేరు. బొమ్మని అక్షరాలుగా మార్చే విద్య తెలుగుకి ఆలస్యంగా వచ్చింది, ఇంకా కళ్లు పూర్తిగా విచ్చుకోలేదు. సీసపు అక్షరం కాస్త అరిగితే ‘ప’ వెళ్లి ‘వ’ అవుతుంది, ‘మ’ వెళ్లి ‘య’ అవుతుంది. పాత పుస్తకంలో ‘వాఁడు’ అని అరసున్నతో ఉంటే, మనం ‘వాడు’ అని కొడితే, చాలాచోట్ల యంత్రానికి వాళ్లిద్దరూ వేరువేరు మనుషులు. సంధిలో మునిగిన మాట, పంక్తి చివర సగం తెగి కింది పంక్తిలో తేలిన మాట, వీటి సంగతి చెప్పనక్కరలేదు. మొన్నమొన్నటిదాకా అను ఫాంట్లలో కొట్టిన పత్రికలూ పుస్తకాలూ పైకి చక్కటి తెలుగే, లోపల మాత్రం వెతుకులాటకి అందని పిచ్చిగీతలు. దొరికినప్పుడైనా ఏం దొరుకుతుంది? బెల్లం వండే పాకం కోసం ‘పాకము’ అని కొడితే ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అంటూ ఆలంకారికులంతా వరసకట్టి వచ్చారు. మా గానుగ దగ్గరి పెనం ఎక్కడో అట్టడుగున. అయినా ఆంధ్రభారతి నిఘంటువుల పుటలో ఒక్క మాట కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్, సూర్యరాయాంధ్ర నిఘంటువు అన్నీ ఒకేసారి విప్పుకుంటుంటే, ఎనిమిది సంపుటాల సూర్యరాయాంధ్రంలో ఒక్కొక్క సంపుటాన్ని రెండు చేతులా ఎత్తి దించిన నా భుజాలకి ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను.

పోయినవాటిలో జవాబు కార్డు ఒకటి. ‘ఈ పద్యం ఎక్కడిదో తమకు తెలిసిన తెలుపగోరెదను’ అని ఒక సగం మీద రాసి, రెండో సగం మీద మన చిరునామా రాసి, ముక్కూమొహం తెలియని పండితుడికి పోస్టు చేసేవాళ్లం. కొన్ని పదిరోజుల్లో వచ్చేవి, కొన్ని ఏడాదికి, కొన్ని ఆయన పోయారని కొడుకు రాసిన రెండు ముక్కలతో. తెలిసినా చెప్పనివాళ్లు ఉన్నారు, తెలియకపోయినా చెప్పినవాళ్లూ ఉన్నారు. థీసిస్ మొదట్లో ‘కృతజ్ఞతలు’ అనే పేజీలో వాళ్లందరి పేర్లూ వచ్చేవి, అటెండరు అన్న పేరు కూడా. ఈ మధ్య నా దగ్గరికొచ్చే థీసిసుల్లో ఆ పేజీ చిక్కిపోయింది. ఎవర్ని అడిగారని ఎవరికి చెప్పుకుంటారు, అదేం తప్పు కాదు.

నా చెప్పుల పెట్టె కార్డుల్ని కూడా పోయిన సంవత్సరం చిత్తూరులో ఒక కుర్రాడిచేత స్కాను చేయించాను. వెనకవైపు కూడా చెయ్యాలా సార్ అన్నాడు. వెనకవైపు పెళ్లిళ్లు. ఆ పెళ్లికొడుకుల్లో కొందరు ఇప్పుడు తాతలు, ఒకరిద్దరు లేరు. రెండోవైపుకి డబ్బు మళ్లీ అంతే అన్నాడు. వద్దులే అన్నాను.

మా అన్న మనవరాలు తిరుపతిలో పరిశోధన చేస్తోంది, సెలవులకి ఐరాల వస్తుంది. ఫలానా పనిముట్టు పేరు పాత కావ్యాల్లో ఉందా అని ఆమెకో ప్రశ్న. 

“యాడా లేదు చిన్నతాతా.” 

“యాడెతికితివమ్మా?” 

“ఆర్కైవ్‌లో, ఆంధ్రభారతిలో, వికీసోర్స్‌లో, గూగుల్లో. అన్నిట్లో చూస్తి.” 

“ఎంతసేపు పట్టె?” 

“అరగంట.” 

అరగంటకి అంత గట్టి ‘లేదు’ రావడం నాకు విడ్డూరంగా అనిపించింది గానీ ఏమీ అనలేదు. అరసున్నతో చూశావా, శకటరేఫతో చూశావా అని మాత్రం అడిగాను. చూడలేదు. చూసింది. మళ్లీ లేదు. అప్పుడు హంసవింశతి స్కాను ప్రతిని ల్యాప్‌టాపులో తెరిచి, వెతకడం ఆపి, మొదటి పేజీనుంచి ఇద్దరం కూర్చుని చదవడం మొదలుపెట్టాం. కరెంటు పోయినప్పుడు ఆపి, వచ్చాక మళ్లీ. ఆ తరువాత శుకసప్తతి. పిల్ల కళ్లు నాకంటే చురుకైనవి, సంధి విప్పడం మాత్రం కాస్త మెల్లగా. నేను నోటితో విడగొట్టి చదువుతుంటే తను తెరమీద వేలు పెట్టి వచ్చేది. సెలవులు అయిపోయాయి. ఆ మాట ఆ పుస్తకాల్లో లేదు. మొదటి అరగంటలో వచ్చిన జవాబే.

థీసిస్‌లో ఆమె ఒక ఫుట్‌నోట్ రాసుకుంది: ఈ రెండు కావ్యాలనూ యంత్రం మీద ఆధారపడకుండా పుటపుటా చదివి చూడడమైనది, ఈ మాట కనిపించలేదు, అని. గైడు అది తీసేయమన్నాడట. ‘కనిపించలేదు’ అంటే చాలు, ఎలా చూశావో ఎవరికి కావాలి, పైగా మిగిలిన మాటలకి అలా చూడలేదని పరీక్షకులు పట్టుకుంటారు అన్నాడట. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది. “తీసేస్తి చిన్నతాతా” అంది ఫోనులో. నేనైనా తీసేసేవాణ్ణే.